గోల్‌కీపర్‌కి నేనేసిన నాలుగు మార్కులు

కమ్యూనికేషన్: నాలుగు. ఇరవైకి నాలుగు. ఆ మార్కు వేసింది నేనే. యూనివర్సిటీ లైబ్రరీలో, పట్టపగలు, పక్కన కాఫీ పెట్టుకుని, ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించకుండానే వేశాను. కోపంలో వేశానని చెప్పుకుందామంటే నాకు వాడి మీద కోపమే లేదు. తెలియక వేశానని చెప్పుకుందామంటే, నాకంతా తెలుసని నమ్మిన రోజులవి. అందుకని ఏ సాకూ లేకుండా జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. అది కంప్యూటర్ ఆట. అందులో మనం ఫుట్‌బాల్ ఆడం, ఆడిస్తాం. అంటే మనం మేనేజర్లం. ఎవరిని జట్టులోకి తీసుకోవాలి, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలి, ఎవరిని సాగనంపాలి, ఇదే ఆటంతా. నిజంగా ఎక్కడో ఒకచోట ఆడుతున్న ఆటగాళ్ళే పేర్లతో సహా అందులో ఉంటారు. ఒక్కొక్కడికి ఒక్కో పేజీ, ఆ పేజీ నిండా ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు. గోల్‌కీపర్లకు వేరే గళ్ళుంటాయి: బంతి పట్టు, రిఫ్లెక్సులు, గాల్లో అందుకోవడం, గోల్ ముందు అదుపు, డిఫెండర్లతో కమ్యూనికేషన్. చివర్లో తిక్కకి కూడా ఒక గడి ఉంది, నిజం. కీపర్ ఎంత తిక్కగా ప్రవర్తిస్తాడో దానికీ ఇరవైకి మార్కులే.

ఆ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడవు. ఎవడో ఒకడు మైదానానికి వెళ్ళి, చూసి, ఫారం నింపి పంపాలి. పెద్ద లీగుల సంగతి నాకు తెలియదు గానీ, మెల్‌బోర్న్ పడమటి శివార్లలో శనివారం మధ్యాహ్నాలు ఆడే లీగుకు మాత్రం నాలాంటి స్టూడెంట్లే దిక్కు. సాసేజ్ తినడానికి వచ్చినవాళ్ళను కలుపుకున్నా వందమంది ఉండరు ఆ మ్యాచులకి. ఇంటర్నెట్లో ఒక చర్చల పేజీలో 'ఈ క్లబ్బులను చూసేవాళ్ళు కావాలి' అని ఉంటే, నేను చూస్తానని రాశాను. జీతం లేదు, భత్యం లేదు. ఆట చివర్లో వచ్చే పేర్ల జాబితాలో మన పేరుంటుంది, అదీ చీమ తలకాయంత. ఆ చీమ తలకాయకే నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. నా సంగతి అచ్చం అదే.

మాపైన ఒక పెద్దాయన ఉండేవాడు. వేరే రాష్ట్రంలో ఉండేవాడు, ఎప్పుడూ చూడలేదు, ఈమెయిళ్ళలోనే పరిచయం. ఆయన మాకు పంపిన నియమాలు రెండే రెండు. విన్నది రాయొద్దు, చూసింది రాయండి. అభిమానిగా చూడొద్దు, తూకం వేసేవాడిలా చూడండి. నాకు ఆ రెండోది తెగ నచ్చింది. ప్రింటు తీసి నా టేబుల్ ముందు గోడకు అంటించుకున్నాను. ఆ గోడ ఎవరిదంటే, నేను మార్కులు వేయాల్సిన గోల్‌కీపర్ ఇంటిదే.

ఆ పడమటి శివార్లలోనే, ట్రుగనీనాలో, వాళ్ళింట్లో వెనక గది నాది. ఫిజీ తెలుగువాళ్ళు. వాళ్ళ ముత్తాతలు చెరకు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్ళారట. ఏ ఊరి నుంచి ఎక్కారంటే 'వైజాగ్ పక్క' అన్నంతవరకే ఆంటీకి తెలుసు. అంకుల్ నేను వెళ్ళేనాటికే పోయారు. ఇంట్లో ఆంటీ, ఆమె కొడుకు, వెనకాల నేను. ఆంటీ తెలుగు మొదలుపెట్టి హిందీలోకి వెళ్ళి ఇంగ్లీషులో తేలేది. శనివారం పొద్దున్నే కర్రపెండలం ఉడకబెట్టి, కొబ్బరిపాలలో చేప వండి, "తినేసి పో బేటా, గ్రౌండ్‌లో చలి" అని నా కంచంలోనే ముందు వేసేది.

కొడుకు నాకంటే ఏడాది పెద్ద. దగ్గర్లోనే ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, శనివారాలు గోల్‌లో నిలబడేవాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, ఒక్క ముక్క మాట్లాడడు. వాళ్ళమ్మ తెలుగులో తిట్టినా ఇంగ్లీషులోనే జవాబు. ఇక్కడ వాడి మాటలను నేను తెలుగులో రాస్తున్నాను, తక్కినవాళ్ళవీ అంతే. ఇంగ్లీషులో అయినా వాడు మాట్లాడేది బహు తక్కువ. మ్యాచుకు నన్ను తన కారులోనే తీసుకెళ్ళేవాడు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో గ్లవ్స్, తాగే నీళ్ళు. అందుకని నా గది తలుపును బూటు ముక్కుతో ఒక్కసారి టక్‌మని తట్టేవాడు. 'రెడీనా' అనడం లేదు, 'పద' అనడం లేదు. ఒక్క దెబ్బ. నేను జాకెట్ వేసుకుని వెనకాలే పోయేవాణ్ణి.

వాడి ఆట చూస్తే నిద్రొచ్చేది. తప్పుగా అనుకోకండి, గోల్స్ పడేవి కావు. కానీ ఎందుకు పడటం లేదో చూసేవాడికి తెలిసేది కాదు. అవతలివాడు గురిచూసి కొడితే బంతి సరిగ్గా వీడి గుండెల మీదికే వచ్చేది. దూకే పనే ఉండేది కాదు. పక్క శివారు క్లబ్బులో ఇంకో కీపర్ ఉండేవాడు, ఎర్ర జుట్టు. వాడు దూకితే చూడాలి! మూలకు పోయే బంతిని వేలికొనతో తోసి, నేల మీద రెండు పల్టీలు కొట్టి, లేచి డిఫెండర్ల మీద నోరేసుకుని పడేవాడు. జనం చప్పట్లే చప్పట్లు. నేనూ కొట్టాను. అసలు వాడు నిలబడాల్సిన చోట నిలబడి ఉంటే ఆ దూకుడెందుకు అన్న ప్రశ్న ఆ రోజుల్లో నా బుర్రకు తట్టలేదు.

సీజన్ సగంలో ఒక శనివారం, కారులో వెళ్తుండగా వాడు తనంతట తానే నోరు విప్పాడు. విడ్డూరమనుకున్నాను.

"పై లీగు క్లబ్బొకటి రెండో కీపర్ కోసం చూస్తోంది. ఆరుగురిని పిలిచి ఆడించి చూస్తారట. ముందు ఆ ఆటలో అంకెలు చూసి పిలుస్తారని మావాళ్ళు అంటున్నారు."

"కంప్యూటర్ గేమ్ చూసి పిలుస్తారా? ఊరుకో బ్రో."

"ప్రతి గ్రౌండుకూ వాళ్ళు మనిషిని పంపలేరు కదా. పేపరు మీద చూసి వడకడతారు." కాసేపు రోడ్డు చూస్తూ నడిపాడు. "నాకిప్పుడు ఇరవై ఐదు. వచ్చే ఏడు నా వయసువాణ్ణి కొత్తగా ఎవడూ పిలవడు. ఇదే ఆఖరిసారి."

వాడే మళ్ళీ అన్నాడు.

"ఎక్కువ వెయ్యొద్దు. చూసింది వెయ్యి, అంతే."

చూసింది వెయ్యి. పెద్దాయన చెప్పిందీ అదే, వీడు అడిగిందీ అదే. ఆ పాటి పని కూడా చేతకాలేదు నాకు.

ఆ వారమే లైబ్రరీలో కూర్చుని ఫారం తీశాను. మొదట పెన్సిలుతో నోటుబుక్కులో వేసుకున్నాను. బంతి పట్టు పద్నాలుగు. రిఫ్లెక్సులు పదకొండు, ఎందుకంటే దూకగా చూసిందే తక్కువ. గోల్ ముందు అదుపు పదమూడు. కమ్యూనికేషన్ దగ్గర ఆగాను. నేను ఎప్పుడూ క్యాంటీన్ రేకుల కింద, మైదానం మధ్యగీత పక్కన కూర్చునేవాణ్ణి. అక్కడ వాన పడదు, సాసేజ్ చేతికందుతుంది. అక్కణ్ణుంచి వాడి గొంతు ఒక్కసారి కూడా వినలేదు. ఎర్ర జుట్టువాడి గొంతయితే పార్కింగ్ దాకా వినపడేది. వీడికి ఆరు వేశాను.

ఇక తిక్క. అవతలివాళ్ళకు కార్నర్ కిక్ వచ్చినప్పుడల్లా వీడు గోల్ స్తంభాన్ని బూటుతో తన్నేవాడు. మట్టి దులుపుకుంటున్నాడో, మొక్కుకుంటున్నాడో! 'కంగారు మనిషి, స్తంభాన్ని తన్నే అలవాటు' అని రాసి తిక్కకు పదకొండు వేశాను. ఆ వాక్యం రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా, ఎంత నిశితంగా చూశానో అని. నా మొహం.

అంతటితో పంపేసి ఉంటే తప్పయ్యేది గానీ పాపమయ్యేది కాదు. అప్పుడే నాకు నాన్న గుర్తొచ్చాడు.

మా నాన్న లెక్కల మాస్టారు. ఒంగోలు దగ్గర మా బడిలో ఎనిమిదో తరగతి నుంచి నాకూ నాన్నే చెప్పేవాడు. నా పేపరు అందరిదానిలాగే దిద్ది, మొత్తం కూడి, ఆఖర్న రెండు మార్కులు కోసేసేవాడు. ఎందుకు నాన్నా అని ఏడిస్తే, "మాస్టారి కొడుక్కి మాస్టారే వేసుకున్నాడంటార్రా" అనేవాడు. పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో ఒక్క మార్కుతో నాకు ఫస్టు పోయింది. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అని మా నాయనమ్మ నాన్నను వారం రోజులు సాధించింది. నేనైతే పెద్దయ్యాక కూడా ఆ రెండు మార్కులను క్షమించలేదు. ఆ న్యాయం ఊళ్ళో ఎవరికీ తెలియను కూడా తెలియదు, కోసిన నాన్నకూ కోయించుకున్న నాకూ సాధించిన నాయనమ్మకూ తప్ప.

అదే చేతితో నేను రబ్బరు తీశాను. వీడు మనవాడు. వీళ్ళింట్లో తింటున్నాను, వీడి కారెక్కి తిరుగుతున్నాను. రేపు పెద్దాయనకు తెలిస్తే ఏమనుకుంటాడు? తెలుగువాడు తెలుగువాడికి వేసుకున్నాడు అనడూ? పెద్దాయనకు తెలుగంటే ఏమిటో కూడా తెలిసి ఉండదు, అది వేరే సంగతి. ప్రతి గడిలోనూ రెండేసి తీసేశాను. తిక్కలో మాత్రం తీయలేదు. బంతి పట్టు పన్నెండు, రిఫ్లెక్సులు తొమ్మిది, అదుపు పదకొండు, కమ్యూనికేషన్ నాలుగు. ఎర్ర జుట్టువాడిది కూడా నా ఫారమే. వాడు నాకేమీ కాడు గనక వాడి దాంట్లో ఒక్కటీ తీయలేదు. పంపాక, బరువు దిగినట్టు హాయిగా ఊపిరి పీల్చుకుని రైలెక్కాను. నాన్న చూస్తే మెచ్చుకునేవాడనుకున్నాను.

కొత్త అంకెలు బయటికొచ్చిన శనివారం నేను క్యాంటీన్ దగ్గరే ఉన్నాను. డ్రెస్సింగ్ రూము నుంచి నవ్వులు వినిపించాయి. ఎవడో ఫోను పట్టుకుని ఒక్కొక్కడి అంకెలు గట్టిగా చదువుతున్నాడు. వీడి వంతు వచ్చింది. కమ్యూనికేషన్ అని చదివి, ఆగి, "ఫోర్!" అని అరిచాడు. ఆ రోజు నుంచి మైదానంలో వాడి పేరు ఫోర్. బంతి కావాలంటే ఫోర్, మంచినీళ్ళు కావాలంటే ఫోర్. సరదాకే అనేవాళ్ళు, ద్వేషం లేదు. సరదాకే కదా అని సర్దుకోవడానికి నాకది బాగా పనికొచ్చింది.

పదిరోజులకు ఆరుగురి పేర్లూ తెలిశాయి. వీడి పేరు లేదు. ఎర్ర జుట్టువాడి పేరుంది.

ఆ సాయంత్రం ప్రాక్టీసు నుంచి వస్తూ కారులో వాడు ఒక్క మాటే అడిగాడు. "నాలుగా?"

"నువ్వు అరవవు కదా బ్రో. నేను ఒక్కసారి కూడా వినలేదు."

"అరవను," అన్నాడు.

అంతే. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కారు ఆపి దిగమన్నా బాగుండేది. మరుసటి శనివారం మళ్ళీ నా తలుపు మీద ఒక్క దెబ్బ పడింది, ఎప్పటిలాగే. నేను జాకెట్ వేసుకుని, సిగ్గులేకుండా వెనకాలే పోయాను.

ఆంటీ మాత్రం ఊరుకోలేదు. వంటింట్లో రొట్టెలు కాలుస్తూ, నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"నా కొడుకు మాట్లాడడని రాశావంట నువ్వు?"

"అది ఉత్త గేమ్ ఆంటీ."

"గేమ్ అయితే నాలుగు ఎందుకు బేటా? పది రాస్తే ఏం పోయేది?"

"చూసిందే రాయాలి ఆంటీ, రూల్ అది."

ఆమె రొట్టె తిరగేసింది. "ఇంట్లో మాట్లాడతాడు కదా. నువ్వు విన్నావు కదా," అంది. తర్వాత ఆ రొట్టెను నా కంచంలోనే వేసింది.

అసలు దెబ్బ తగిలింది ఆ తర్వాత శనివారం. గాలివాన క్యాంటీన్ వైపే ఈడ్చి కొడుతుంటే, నేను అటు చివరకు, వాడి గోల్ వెనకాలకు వెళ్ళి ఒక యూకలిప్టస్ చెట్టు కింద నిలబడ్డాను. అటు పక్కనే ఫ్రీవే. ట్రక్కుల మోతకు నా ఫోను మోగినా నాకే వినపడలేదు. అవతలివాళ్ళకు కార్నర్ వచ్చింది. వాడు బూటుతో స్తంభాన్ని తన్నాడు. టంగ్. లోపల బోలుగా ఉన్న ఇనుము, గుడిగంటలా మోగింది. ముందున్న డిఫెండర్లు వెనక్కి కూడా చూడకుండా తలొక పక్కకూ తప్పుకున్నారు. వాడు నడుచుకుంటూ వచ్చినట్టు వచ్చి బంతిని అందుకున్నాడు.

రెండో కార్నర్‌కి టంగ్, టంగ్. ఈసారి డిఫెండర్లంతా దగ్గరకు ముడుచుకున్నారు. వాడు గీత దాటలేదు. మధ్యలో ఉన్న పొడుగాటివాడు తలతో బంతిని అవతలికి కొట్టేశాడు. మూడోది, ఒకటి. నాలుగోది, రెండు. నోటుబుక్కు తీసి లెక్క రాసుకున్నాను.

మ్యాచయ్యాక ఆ పొడుగాటి డిఫెండర్ని పట్టుకున్నాను. వారమంతా ప్లంబింగ్ పని చేసి శనివారం ఆడే పెద్దమనిషి.

"ఆ స్తంభాన్ని ఎందుకు తంతాడు అతను?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ గాలికి, ఈ ట్రక్కులకి ఇక్కడ అరిస్తే ఎవడికి వినపడుతుంది మేట్? ఒకటంటే బంతి వాడిది, మేం తప్పుకోవాలి. రెండంటే మాది, వాడు రాడు. మూడేళ్ళుగా ఇదే. ఒక్కసారి కూడా పొరబడలేదు." బూట్ల లేసులు విప్పుకుంటూ మళ్ళీ అన్నాడు, "మా టీము గురించి రాసేవాడివి నువ్వే కదా. నీకు తెలియదా?"

తెలియదు. ఇరవై వారాలు చూసి కూడా తెలియదు. సాసేజ్ దొరికే చోట కూర్చుని చూశాను కనక తెలియదు. ఛీ, నా బతుకు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఆ పని చేశాను. పెద్దాయనకు పొడుగాటి ఈమెయిల్ రాశాను. స్తంభం సంగతి, దెబ్బల సంగతి, కార్నర్లలో ఎన్ని ఎలా అయ్యాయో అన్నీ రాశాను. కమ్యూనికేషన్ నాలుగు కాదు, పదహారు అన్నాను. నమ్మకం కలగాలని ఆఖర్న ఇంకో వాక్యం కూడా చేర్చాను: 'నేను వాళ్ళింట్లోనే ఉంటాను, ఇతన్ని నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు లేరు.'

జవాబు ఆ రోజే వచ్చింది. 'ఒకే ఇంట్లో ఉంటున్న సంగతి మొదటే చెప్పాల్సింది. తక్కువ వేసినప్పుడు నువ్వు తూకం వేసేవాడిలా చూశావు. ఇప్పుడు స్నేహితుడిలా చూస్తున్నావు. పాత అంకెలే ఉంటాయి. ఇకనుంచి ఆ క్లబ్బును వేరేవాళ్ళు చూస్తారు.'

దేనికి భయపడి రెండేసి కోశానో, ఆ మాట సరిగ్గా నిజం చెప్పిన రోజే పడింది. అబద్ధం చెప్పినన్నాళ్ళూ నేను నిజాయితీపరుణ్ణి. లైబ్రరీలో ఆ ఈమెయిల్ చదివి నవ్వాను. పక్క టేబులమ్మాయి తలెత్తి చూసింది.

నాన్నకు ఫోను చేశాను. ఊరి కబుర్లయ్యాక అడిగేశాను. "నాన్నా, నాకు రెండేసి మార్కులు కోసేవాడివి కదా. ఎందుకు?"

"అదింకా మర్చిపోలేదుట్రా నువ్వు? ఎవరన్నా వేలెత్తి చూపించారా మనని? చూపించలేదు. అదీ లెక్క."

"నా ఫస్టు పోయింది నాన్నా."

"పోతే ఏం, చదువుకోలేదా నువ్వు?" అన్నాడు. ఇద్దరం అదే అచ్చులో పోసినవాళ్ళం.

ఆఖరికి వాడికే చెప్పాలనుకున్నాను. ఆదివారం వాడు పెరట్లో గ్లవ్స్ ఉతికి ఆరేస్తున్నాడు. పక్కన నిలబడి అంతా కక్కేశాను. స్తంభం సంగతి ఇప్పుడే తెలిసిందని, ఈమెయిల్ రాశానని, కుదరదన్నారని. అక్కడితో ఆగి ఉండాల్సింది. నా నిజాయితీకి ఒక హద్దూ పద్దూ లేదు కదా.

"ఇంకోటుంది. నేను మొదట వేసినవి వేరు. తర్వాత అన్నింట్లో రెండేసి తీసేశాను."

"ఎందుకు?"

దానికి ఇంగ్లీషు మాట దొరకలేదు నాకు. తెలుగులోనే అన్నాను. "మనవాడివని."

వాడు గ్లవ్ పిండడం ఆపాడు. ఆ ఇంట్లో నేనున్న రెండేళ్ళలో వాడి నోటి వెంట తెలుగు విన్నది అప్పుడే.

"మనవాడా?" అన్నాడు.

అడిగిన తీరు చూస్తే వాడికి కోపం రాలేదు. ఆ మాటకు అర్థం వాళ్ళమ్మ వేరేగా చెప్పి ఉంటుంది, దాంతో పోల్చుకుని చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. తర్వాత రెండో గ్లవ్ కూడా పిండి తీగ మీద వేసి లోపలికి పోయాడు. నాకు అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించింది.

ఆ సీజన్ ఆఖరి మ్యాచు నేను మర్చిపోలేను. నేను గోల్ వెనకాల చెట్టు కింద నిలబడ్డాను. క్యాంటీన్ రేకుల కింద, నా పాత కుర్చీలో, నా బదులు కొత్తగా వచ్చినవాడు నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాడు. వాడి చేతిలోనూ సాసేజే.

మొదటి కార్నర్‌కి స్తంభం మోగలేదు. బదులుగా ఒక అరుపు వినిపించింది. ఎవరా అని చూస్తే వీడే. చేతులు ఊపుతూ, మెడ నరాలు ఉబ్బేలా డిఫెండర్ల మీద కేకలేస్తున్నాడు. ట్రక్కు పోతోంది, వాళ్ళకేం వినపడలేదు. దెబ్బ కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డ పొడుగాటివాడు వెనక్కి తిరిగి, ఏమిటన్నట్టు చేతులు తిప్పాడు. ఆలోపు బంతి వలలో పడింది. తర్వాత ఇంకో రెండు పడ్డాయి. మధ్యలో వీడు దూకని దూకుడు లేదు. రెండడుగులు ముందే పక్కకు జరిగి నిలబడి, బంతి వచ్చాక అంత దూరం నుంచి ఎగిరి వేలికొనతో తోసేవాడు. లేస్తూ క్యాంటీన్ వైపు చూసేవాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ సీజన్ మొత్తంలో వాడికి చప్పట్లు కొట్టగా నేను వినలేదు. మూడు గోల్స్‌తో ఓడిపోయారు.

కారులో అడిగాను. "ఎందుకు బ్రో అలా ఆడావు?"

"చూసిందే కదా రాస్తారు," అన్నాడు.

కొత్త అంకెలు వచ్చినప్పుడు వాడే ఫోను నా ముందు పెట్టాడు. రిఫ్లెక్సులు పదిహేను. కమ్యూనికేషన్ పన్నెండు. వాడి బతుకులో అంత అధ్వానంగా ఆడిన మ్యాచుకు అన్ని మార్కులు! వాడు నవ్వుతూనే చూపించాడు గానీ, ఆ నవ్వు నేను చూడలేకపోయాను. ఆ అంకెలు ఎందుకూ పనికిరాలేదు. పై లీగువాళ్ళ ఖాళీ నిండిపోయింది. ఎర్ర జుట్టువాణ్ణే తీసుకున్నారు. ఇక సొంత క్లబ్బు కోచ్ చూసింది ఆ మూడు గోల్స్. వచ్చే సీజన్‌కి బెంచీ మీద కూర్చోమన్నాడు.

ఆ వేసవి మేమిద్దరం ఆ విషయం ఎత్తలేదు. ఆంటీ వంటలో మార్పు లేదు, నా కంచంలో మార్పు లేదు. వాడు తిరిగి ప్రాక్టీసుకు వెళ్తున్నాడో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. వెళ్తాడనే అనుకున్నాను. బెంచీ అయితేనేం, ఒక్క మ్యాచు దొరికితే చాలు, నేను చెట్టు కిందే నిలబడతాను, ఎవడడిగినా సాక్ష్యం చెప్తాను అనుకున్నాను. ఎవడడుగుతాడు నన్ను?

కొత్త సీజన్ మొదటి శనివారం వచ్చింది. నేను పొద్దున్నే తయారై, జాకెట్ కూడా వేసుకుని, మంచం మీద కూర్చున్నాను. వంటింట్లో కొబ్బరిపాలు కాగుతున్న వాసన వస్తోంది. నడవాలో అడుగుల చప్పుడయింది. మైదానం బూట్ల చప్పుడు కాదది, బరువుగా ఉంది. కిటికీలోంచి చూస్తే కారు మీద గోదాము డ్యూటీకి వేసుకునే పసుపుపచ్చ జాకెట్ ఆరేసి ఉంది. శనివారం షిఫ్టు తీసుకున్నాడన్నమాట.

అడుగులు నా తలుపు దగ్గర ఆగాయి. ఇనుప ముక్కు బూటుతో తట్టాడు. టక్.

నేను లేచి నిలబడ్డాను.

టక్.

అడుగులు వెళ్ళిపోయాయి. కారు స్టార్టయి, సందు మలుపు తిరిగి, చప్పుడు ఆగిపోయింది. రెండంటే మీదే, నేను రాను. వాడు నోరు విప్పలేదు, నేను తలుపు తీయలేదు. అయినా వాడు చెప్పిందంతా నాకు అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది.

కమ్యూనికేషన్: ఇరవై. ఇరవైకి ఇరవై.